రక్తపోటు తగ్గితేనే కవిత

నేను కవిని. ఈ సంగతి నాకు పాతికేళ్లుగా తెలుసు. మిగతా జనానికి తెలియజెయ్యడానికే ఈ పాతికేళ్లూ ఖర్చయిపోయాయి.

అసలు పేరు బొడ్డు వీర్రాజు, కలం పేరు విషాదశ్రీ. నాకు చెప్పుకోదగ్గ విషాదం ఏదీ లేదు. కానీ ఆనందశ్రీ అని పెట్టుకుంటే ఎవరూ కవిగా లెక్క వెయ్యరని ఆ పేరు ఎంచుకున్నాను. మా డిపో వాళ్లు దాన్ని కురచ చేసి 'విషాదం గారూ' అని పిలుస్తారు. "విషాదం గారొచ్చారా?", "విషాదం గారు టిఫినుకెళ్లారు" అని వినపడుతూ ఉంటుంది. గౌరవం 'గారు'లో ఉంది కదా అని సరిపెట్టుకుంటాను.

ఉద్యోగం బస్టాండులో కంట్రోలరు. అద్దాల గదిలో కూర్చుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి. తణుకు మీదుగా రాజమండ్రి వెళ్లు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చుచున్నది" అని మైకులో చెప్పడం నా పని. కవికి ఇంతకంటే తగిన ఉద్యోగం లేదని చేరినప్పుడు సంబరపడ్డాను. మైకు ఉంది, జనం ఉన్నారు, బస్సు వచ్చేదాకా వాళ్లు ఎక్కడికీ పోలేరు. ఒకరోజు రెండు బస్సుల మధ్య ఖాళీలో "ఓ కాలమా!" అని మొదలుపెట్టాను. నరసాపురం వెళ్లాల్సిన వాళ్లు తణుకు బస్సెక్కి వెళ్లిపోయారు. నాకు మెమో వచ్చింది. ఆనాటి నుంచి మైకు ముందు కూర్చుని కూడా మైకు కోసం మొహం వాచిపోయి బతుకుతున్నాను.

మా సంస్థ ఏటా ఉగాదికి ఉద్యోగుల కవి సమ్మేళనం పెడుతుంది. నా పేరు ఏటా ఉంటుంది, ఏటా చివర్న ఉంటుంది. నా ముందాయన చదవడం ముగించేసరికి భోజనాల వేళ అవుతుంది. "సమయాభావం వల్ల మిగిలిన కవులు అన్యథా భావించవద్దని మనవి" అంటారు. ఆ మిగిలిన కవులు అంటే నేనే. శాలువా మాత్రం మెట్ల దగ్గరే కప్పి పంపేస్తారు. మా ఆవిడ రత్నమాల ఆ శాలువాలను ఊరగాయ జాడీల మీద కప్పుతుంది. మా ఇంట్లో సన్మానం జరగని జాడీ లేదు.

ఈ ఏడు సమ్మేళనం జరిపే వంతు మా డిపోకి వచ్చింది. ఊరివాణ్ణి కాబట్టి మొదటి పేరు నాదే అన్నారు. మొదటివాడికి సమయాభావం ఎలా వస్తుంది? పెళ్లికొడుకు వయసులో కూడా నాకు అంత హుషారు రాలేదు.

సరిగ్గా అప్పుడే సర్క్యులరు వచ్చింది.

మా సంస్థ ఎం.డి. గారు కొండ మీద ఏదో పెద్ద హోటల్లో శిక్షణ శిబిరానికి వెళ్లారు. కవిత్వం రాస్తే రాసినవాడి మనసు తేలికపడుతుందనీ, రక్తపోటు దిగుతుందనీ అక్కడెవరో ఉపన్యాసం చెప్పారు. ఆయనతో అప్పటికప్పుడు ఒక కవిత రాయించి కొలిస్తే నిజంగానే దిగింది. చల్లగాలిలో, ఫోను కట్టేసి, పనేమీ లేకుండా కూర్చుంటే కవిత లేకపోయినా దిగుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన వాళ్లమంతా కొండ కింద ఉన్నాం.

మా డిపో మేనేజరు గుత్తుల సత్యానందం గారు సిబ్బందినంతా గ్యారేజీలో నిలబెట్టి ఆ సర్క్యులరు చదివారు. ఆయన ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా 'దాహమగుచున్నది, తగు చర్య తీసుకొనవలెను' అంటారని చెప్పుకుంటారు. అలాంటి మనిషి చేతికి అలాంటి కాగితం దొరికింది.

"సంస్థ సిబ్బందిలో రక్తపోటు ఆందోళనకర స్థాయికి చేరినందున, తన్నివారణార్థం ప్రతి ఉద్యోగియు విధులలో చేరుటకు పూర్వము విధిగా ఒక కవిత రచింపవలెను. రచనకు ముందును, తదుపరియు రక్తపోటు కొలవబడును. రక్తపోటును తగ్గించిన రచనను మాత్రమే కవితగా పరిగణించవలెను. తగ్గించని రచన, దాని పొడవుతోగాని, అందలి భావముతోగాని నిమిత్తము లేకుండా, కవిత కాదు. ఉగాది వేదికపై సైతము ధ్రువీకృత కవులకే ప్రవేశము."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఏది కవిత్వం, ఏది కాదు అని సాహిత్య సభల్లో కుర్చీలు లేచిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. ఆ తగువు ఒక్క వాక్యంలో తేల్చేశారు. తేలిన వైపున నేనే ఉంటానని ఎంత నమ్మకమో!

"విషాదశ్రీ గారూ, మిమ్ములను డిపో కవితా సమన్వయాధికారిగా నియమించడమైనది," అన్నారు సత్యానందం గారు. జీతం పెరగలేదు గాని ఛాతీ పెరిగింది.

మర్నాడు పొద్దున్నే డిస్పెన్సరీ ముందు వరస కట్టారు. నర్సు మార్తమ్మ గారు బల్ల మీద బీపీ మిషను పెట్టుకుని కూర్చుంది. మొదట వచ్చింది డ్రైవరు సూరిబాబు. మనిషి మంచివాడే గాని ఎడమ చెయ్యి ఎప్పుడూ హారను మీదే ఉంటుంది.

"నాకు కయిత్వం రాదండి బాబూ. టెన్తు తప్పేనండి," అన్నాడు.

"కవిత్వం రావడమేమిటి సూరిబాబూ, అది లోపలే ఉంటుంది. కళ్లు మూసుకుని నీ అంతరంగంలోకి చూడు. ఏం కనిపిస్తోంది?" అన్నాను, సమన్వయాధికారి హోదాలో.

సూరిబాబు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "ఆటో కనిపిత్తందండి."

"ఏ ఆటో?"

"మన బస్సాగే చోటే పెడతాడండి, ఆ పసుపుపచ్చది. రోజూ అదే గోలండి. ఆయ్."

పోనీ అదే రాయమన్నాను. పెన్ను పిడికిలితో పట్టుకుని, చెమటలు కక్కుతూ ఇలా రాశాడు:

ఓరి ఆటో అబ్బాయా
బస్సాగే చోట నీకేం పనిరా
హారను కొడితే నవ్వుతావు
దిగి అరిస్తే టీ తాగుతావు
పక్కకి తియ్యరా నాయనా
నాక్కూడా ఇల్లుంది

మార్తమ్మ గారు పట్టీ కట్టి, బుడగ నొక్కి, చెవిలో గొట్టాలు పెట్టుకుని విన్నది. ఆమె మొహం విప్పారింది. "దిగిందండోయ్! బాగా దిగింది. కవితేనండి ఇది!"

"భావం ఉంది. శిల్పం లేదు," అన్నాను పెద్దమనిషి నవ్వు ఒకటి నవ్వి.

"శిల్పం సంగతి మిషనుకి తెలవదండి," అంది ఆమె.

తర్వాత నా వంతు. అసలైన కవి ఎలా రాస్తాడో చూద్దామని డ్రైవర్లు, కండక్టర్లు మూగారు. నేను జుట్టు సవరించుకుని, కాసేపు పైకప్పు కేసి చూసి, మొదలుపెట్టాను.

ఓ కాలమా!
నీ కనుకొలకుల్లో కాగుతున్న కన్నీటి కాగడాని నేను
శూన్యం నా చిరునామా
నిశ్శబ్దం నా నినాదం

ఇంకా చాలా ఉంది గాని నిశ్శబ్దం గురించే మూడు పేజీలు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. మార్తమ్మ గారు కొలిచింది. మళ్లీ కొలిచింది. చెయ్యి మార్చి కొలిచింది.

"పెరిగిందండి," అంది మెల్లగా.

"మిషను సరిగ్గా ఉందా?"

సూరిబాబుకి కట్టి చూసింది. అతనిది ఇంకా దిగే ఉంది. పైగా కూనిరాగం తీస్తున్నాడు. "మిషను బానే ఉందండి. ఇది కవిత కాదండి, విషాదం గారూ. ఏవనుకోకండి."

ఏమీ అనుకోలేదు, ఎందుకంటే ఆ రోజంతా నాకు ఏమీ తోచలేదు. మర్నాడు పద్యం రాశాను. గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది, రక్తపోటు మాత్రం పెరిగింది. ఆ మర్నాడు మూడే పంక్తులు రాశాను, తక్కువ రాస్తే తక్కువ పెరుగుతుందేమోనని. అయినా అంతే పెరిగింది. ఒకసారి ముందుగానే మాత్ర మింగి వెళ్లాను. "ముందే దిగిపోయుందండి, ఇంకెక్కడికి దిగుద్ది?" అని మార్తమ్మ గారు ఆశ్చర్యపోయింది. రెండు చరణాలు రాసేసరికి ఆ మాత్రనీ దాటుకుని పైకొచ్చింది.

కారణం నాకు తెలుసు. మొదటి పంక్తి రాయగానే నాకు హాలు కనిపిస్తుంది. రెండో పంక్తికి జనం వచ్చి కూర్చుంటారు. మూడో పంక్తికి పోస్టాఫీసులో పనిచేసే కవిమిత్రుడు కుళ్లుకుంటూ చేతులు కట్టుకుంటాడు. నాలుగో పంక్తికి ఆదివారం అనుబంధం ఎడిటరు కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. రాసేది ఒక్కణ్ణే గాని రాస్తున్నంతసేపూ లోపల సభ నడుస్తుంది. ఆ సభకి షామియానా వెయ్యడం, కుర్చీలు సర్దడం, చప్పట్లు కొట్టించడం అంతా నేనే. ఒక్క గుండె అన్ని పనులు చేస్తే రక్తపోటు పెరగక ఏమవుతుంది?

ఇలా ఉండగా కండక్టరు అనంతలక్ష్మి వ్యవహారం వచ్చింది. ఆమెకి అసలే రక్తపోటు తక్కువ. అయినా విధి విధే కాబట్టి, రాత్రి డ్యూటీ అయ్యాక చెప్పులు విప్పితే ఎంత హాయిగా ఉంటుందో రాసింది. ఉన్న కాస్త రక్తపోటూ దిగిపోయేసరికి గోడకి జారగిలబడింది. మార్తమ్మ గారు పంచదార నీళ్ల కోసం పరుగెత్తింది. ఆమె వచ్చేలోగా ధైర్యం చెబుదామని నేను పక్కన కూర్చుని 'ఓ కాలమా' చదివాను. రెండో చరణానికి అనంతలక్ష్మి కళ్లు తెరిచింది. నాలుగో చరణానికి లేచి కూర్చుంది.

"ఆపండి బాబూ, చెవులు గింగుర్లెత్తిపోతన్నాయి!" అంది.

మార్తమ్మ గారు కొలిస్తే మామూలుకి వచ్చేసింది. సత్యానందం గారు అక్కడికక్కడే ఆర్డరు రాయించారు. "అల్ప రక్తపోటు గల సిబ్బందికి విషాదశ్రీ గారి రచన దినమునకు ఒకటి చొప్పున, ఆహారమునకు ముందు వినిపింపవలెను. అధిక రక్తపోటు గలవారికి దూరముగా ఉంచవలెను."

కవిత అని రాయలేదు, రచన అని రాశారు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. తర్వాత చుట్టుపక్కల డిపోల నుంచి కూడా నీరసంగా ఉన్నవాళ్లని పంపడం మొదలుపెట్టారు. వచ్చేవారు, బెంచీ మీద కూలబడేవారు, వినేవారు, లేచి నిలబడేవారు. వెళ్తూ వెళ్తూ, "ఇప్పుడు బాగుందండి" అనేవారు. నిజం చెప్పాలంటే నా రచన విని మనస్ఫూర్తిగా బాగుందన్న వాళ్లు నా జన్మలో వాళ్లే.

అక్కడ సూరిబాబు దశ తిరిగింది. రాష్ట్రం మొత్తం మీద ఎక్కువ తగ్గుదల అతనిదేనని ప్రధాన కార్యాలయం తేల్చింది. అంత బాగా పనిచేసే కవిత చేతిలో ఉండగా ఉద్యోగులు తలకొక కవిత రాసుకోవడం వృథా అని పైవాళ్లకి తోచింది. 'ఓరి ఆటో అబ్బాయా'ని ప్రామాణిక కవితగా ప్రకటించి, అన్ని డిపోల్లోనూ ప్రతి ఉద్యోగీ రోజూ దాన్నే స్వహస్తంతో రాయాలన్నారు. రామకోటి రాసినట్టు ఆటోకోటి రాయడం మొదలైంది. కొండప్రాంతపు డిపో ఒకదానిలో ఆటోలే తిరగవట. నిబంధన తప్పకుండా ఉండడానికి అక్కడి మేనేజరు ఒక ఆటోని అద్దెకి తెప్పించి, బస్సు ఆగే చోట అడ్డంగా పెట్టించారని విన్నాను.

ఈ రచ్చంతా జరుగుతుంటే సూరిబాబు నా అద్దాల గదికి వచ్చి తల వేలాడేసుకుని నిలబడ్డాడు.

"పెరిగిపోయిందండి," అన్నాడు.

"ఏం పెరిగింది?"

"బీపీయేనండి. అదే కయిత రాత్తన్నా దిగట్లేదండి. నా ఆటోవోణ్ణి మీరందరూ కలిసి తిట్టేత్తే ఇంక నాకేం మిగిలిందండి? ఆ కోపం నాదండి. ఊరందరికీ పంచేసేరండి."

అప్పుడు ఆ మాట నాకు పట్టలేదు. పైగా లోలోపల అసూయ. రాష్ట్రమంతా నీ కవిత రాస్తుంటే ఏడుస్తావేమిటయ్యా అనుకున్నాను. అతన్ని ఓదార్చడానికి 'ఓ కాలమా' తియ్యబోతే పరుగెత్తి వెళ్లిపోయాడు.

ఉగాదికి వారం ఉందనగా ఆహ్వాన పత్రిక అచ్చయి వచ్చింది. కవుల పేర్లలో మొదటిది సూరిబాబుది. నా పేరు ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూస్తే, మంచినీళ్లు, చెప్పుల స్టాండు, ప్రథమ చికిత్స అని ఏర్పాట్లు రాసిన చోట ఉంది. ప్రథమ చికిత్స: నర్సు మార్తమ్మ, విషాదశ్రీ. ఆ పొద్దున మార్తమ్మ గారు నా చేతికి పట్టీ కట్టి చూసి, ఇంటికెళ్లి పడుకోమంది.

మా ఇల్లు బస్టాండు గోడకి ఆనుకుని వెనకే. మధ్యాహ్నం భోజనానికి వెళ్లాను. మా ఆవిడ వడ్డించి, చేటలో చిక్కుడుకాయలు వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"రత్నమాలా, నా కవితలు వింటున్నప్పుడు నీకు ఎలా ఉంటుంది? గుండె దడగా ఉంటుందా?"

"ఏమీ ఉండదండీ."

"ఏమీ ఉండకపోవడమేమిటి?"

"నేను వినను కదా," అంది ఈనె తీస్తూ. "పెళ్లయిన కొత్తలో విన్నాను. తల తిరిగేది. వేవిళ్లేమోనని మా అమ్మ సంబరపడిపోయింది కూడా. ఆ తర్వాత్నుంచి మీరు 'ఓ' అనగానే నేను రేపటి కూర సంగతి ఆలోచించుకుంటాను. మీరు ఆపగానే 'బాగుందండీ' అంటాను. మీరు కోపగించుకోకండి, నాకు అదొక అలవాటైపోయింది."

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. పాతికేళ్లుగా నేను దాచుకున్న 'బాగుంది'లన్నీ వంకాయకీ, బెండకాయకీ చెందినవా! 

ఆవిడ నా మొహం చూసింది. "మీ మైకు మాత్రం వింటానండీ," అంది.

"ఏ మైకు?"

"బస్టాండు మైకే. గోడవతలే కదా, పొద్దున్నించీ వింటూనే ఉంటాను. మీకు జలుబు చేస్తే 'పాలకొల్లు' అనలేరు, గొంతు పట్టేస్తుంది. ఆ పూట చారులో మిరియాలు ఎక్కువేస్తాను. మేనేజరు గారు ఏమన్నా అంటే 'విజ్ఞప్తి' అన్న మాట గట్టిగా అంటారు. ఇక ఆకలేసిందంటే రాజమండ్రి బస్సుని గబగబా చెప్పేస్తారు. అది వినపడగానే అన్నం దించుతాను. లేకపోతే మీరు వచ్చేసరికి రోజూ వేడిగా ఎలా ఉంటుందనుకున్నారు?"

ఏమీ అనుకోలేదు. అన్నం వేడిగా ఉంటోందని నేను గమనించనే లేదు. కవిని కదా, పెద్ద విషయాలు ఆలోచించే పనిలో ఉన్నాను.

తిరిగి వచ్చి అద్దాల గదిలో కూర్చున్నాను. నరసాపురం బస్సు వచ్చింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నాను గాని తర్వాతి మాట వెంటనే రాలేదు. గోడవతల చిక్కుడుకాయల చేట ముందు ఒక మనిషి వింటూ ఉంది. ఇన్నేళ్లూ వింటూనే ఉంది. నాకు ఏడుపు వచ్చింది, సిగ్గేసింది, ఆ రెంటి వెనక ఎక్కడో సంతోషం కూడా వేసింది. బస్సు వెళ్లిపోయాక చేతికి దొరికిన చిత్తు కాగితం తిరగేసి కొన్ని పంక్తులు రాశాను. హాలు కనిపించలేదు. జనం రాలేదు. పోస్టాఫీసు కవి కూడా రాలేదు. నా జుట్టు ఎలా ఉందో నాకు తెలియదు.

ఆ కవిత ఇక్కడ మీకు చెప్పను. చెబితే మీరు బాగుందంటారేమోనని నాకు ఆశ పుడుతుంది. నా ఆశ సంగతి మార్తమ్మ గారిని అడగండి.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పొద్దున పడుకోమన్న మనిషికి ఓసారి కనపడి పోదామని డిస్పెన్సరీకి వెళ్లాను. మార్తమ్మ గారు కొలిచింది. గొట్టాలు తీసి, చెవులు తుడుచుకుని, మళ్లీ కొలిచింది.

"విషాదం గారండీ! ఇంతలా ఎవరికీ దిగలేదండి, సూరిబాబుకి కూడా. ఏం రాసేరండీ?"

ఆమె కేకకి సత్యానందం గారు లోపలికి వచ్చారు. పట్టీ ఇంకా నా చేతికే ఉంది.

"అభినందనలు. సదరు కవితను తక్షణమే జతపరచవలెను. సూరిబాబు రచనకు బదులుగా దానినే ప్రామాణిక కవితగా సిఫారసు చేయుదుము. ఉగాది నాడు మొదటి కవి మీరే. మైకు మీ చేతికే ఇవ్వబడును. సమయ నియమం వర్తించదు."

సమయ నియమం వర్తించదు! పాతికేళ్లుగా ఈ ఒక్క వాక్యం వినడానికే నేను తెల్లచొక్కాలు ఇస్త్రీ చేయించుకుంటున్నాను. నా కళ్ల ముందు షామియానా లేచింది. జనం వచ్చి కూర్చున్నారు. పోస్టాఫీసు కవి చేతులు కట్టుకున్నాడు.

"పెరుగుతోందండోయ్," అంది మార్తమ్మ గారు, బుడగ నొక్కుతూ.

"అన్ని డిపోలలోనూ ప్రతిదినమూ ప్రతి ఉద్యోగీ మీ కవితనే రాయును," అన్నారు సత్యానందం గారు.

అప్పుడు నాకు ఆ అద్దె ఆటో గుర్తొచ్చింది. ఈ కవిత పంపితే ఏమవుతుందో తెలిసిపోయింది. వెనక గోడ లేని డిపోల్లో గోడ కట్టిస్తారు. ఆ గోడ వెనక ఒక ఆడమనిషిని రోజుకూలీ మీద కూర్చోబెట్టి, చేతిలో చేట పెడతారు. మా ఇంటి మిరియాల చారు ముక్కూమొహం తెలియని వాళ్లందరూ పొద్దున్నే డ్యూటీకి ముందు పోసుకుంటారు. ఇంక నాకేం మిగిలిందండి అని తల వేలాడేసుకుని నిలబడ్డ సూరిబాబు మొహం కళ్లలో మెదిలింది. ఆ రోజు అతనికి రెండు మాటలు ఓదార్పు చెప్పాల్సింది.

"నేనేమీ రాయలేదండీ," అన్నాను.

"మరి ఎట్లు తగ్గినది?"

"భోజనం చేసి వచ్చానండీ. దానివల్ల తగ్గి ఉంటుంది."

సత్యానందం గారు రిజిస్టరు తెరిచారు. "భోజనము వలన తగ్గినచో అది కవిత కాదు. కావున మీరు కవి కారని నమోదు చేయవలసి వచ్చును. ఆలోచించుకొనుడు."

"నమోదు చెయ్యండి," అన్నాను.

మార్తమ్మ గారు నా చొక్కా జేబులోంచి బయటికి వచ్చిన కాగితం అంచు కేసి ఒకసారి చూసింది. పట్టీ విప్పుతూ, "మిషను కూడా పాతబడిందండి, సారూ. దాని మాట కూడా నమ్మలేం," అంది.

ఉగాది నాడు బస్టాండు పక్కనే ఉన్న డిపో ఆవరణలో షామియానా వేశారు. ఖర్చు కలిసొస్తుందని బస్టాండు మైకుకే తీగ కలిపి వేదిక మీదికి లాగారు. నేనూ మార్తమ్మ గారూ మందుల పెట్టెతో వేదిక పక్కన స్టూళ్ల మీద కూర్చున్నాం. మొదటి కవి సూరిబాబు రాలేదు. తనకి కయిత్వం వద్దని అడిగి మరీ డ్యూటీ వేయించుకుని బస్సు తీసుకెళ్లిపోయాడు. మిగిలిన కవులు ఒకరి తర్వాత ఒకరు లేచి ప్రామాణిక కవితే చదివారు. ఒకాయన 'ఓరి ఆటో అబ్బాయా' అని రాగం తీశారు, ఇంకొకాయన గర్జించారు, ఒకావిడ లాలిపాటలా పాడింది. బయట నిలబడి వింటున్న అసలు ఆటో అబ్బాయి తన గురించి ఇంతమంది మాట్లాడటం చూసి పొంగిపోయి టీ తాగాడు.

తర్వాత ఎం.డి. గారు ప్రసంగానికి లేచారు. ఆదర్శంగా ఉండాలని ఆయన రోజుకి ఎన్నో కవితలు రాస్తున్నారట. ఆ పొద్దున్న కూడా టిఫిను మానేసి కవితలు రాసి వచ్చారట. "సోదర సోదరీమణులారా, కవిత్వము వలన..." అన్నారు. ఒక నవ్వు నవ్వారు. అలాగే నవ్వుతూ కుర్చీలోకి జారిపోయారు.

మార్తమ్మ గారు పరుగెత్తి పట్టీ కట్టింది. "దొరకట్లేదండి, అడుక్కెళ్లిపోయింది!"

"విషాదశ్రీ గారూ!" అని సత్యానందం గారు కేక పెట్టారు. ఆ కంగారులో ఆయన నోట మామూలు తెలుగు వచ్చింది. "రావయ్యా బాబూ, తొందరగా రా! చదువు!"

మైకు నా చేతిలో పెట్టారు. ఎదురుగా షామియానా నిండా జనం. అందరూ నా కేసే చూస్తున్నారు. దగ్గేవాడు లేడు, లేచిపోయేవాడు లేడు. నా లోపల ఇన్నేళ్లూ నడిచిన సభ బయటికి వచ్చి కూర్చున్నట్టే ఉంది. కుడి జేబులో 'ఓ కాలమా' ఉంది. ఎడమ జేబులో ఆ చిత్తు కాగితం ఉంది. నా చెయ్యి ఎడమ జేబు దగ్గరికే వెళ్లింది. మీ దగ్గర దాచడమెందుకు, కాగితం సగం పైకి తీశాను కూడా.

అప్పుడు గోడవతల మా దండెం మీద ఆరేసిన నా తెల్లచొక్కా కనిపించింది. ఆవిడ ఇప్పుడు కూడా వింటూ ఉంటుంది. ఇది చదివానంటే, మొదటి పంక్తికే ఇది కవిత అని పసిగట్టి రేపటి కూరలోకి వెళ్లిపోతుంది. రేపటి నుంచి ఈ మైకు మోగినా కూరలోకే వెళ్తుందేమో. నన్ను వినే మనిషి ఒక్కరు, ఆ వినేది ఈ మైకు ఒక్కటి. దాన్ని కూడా కవిత్వం చేసి పాడుచేసుకోనా? 'ఓ కాలమా' అయితే ఆవిడ ఎలాగూ వినదు, దానితో పోయేదేమీ లేదు.

కాగితం లోపలికి తోసేసి కుడి జేబులోది తీశాను. "ఓ కాలమా!" అన్నాను.

రెండో చరణానికి ఎం.డి. గారి కనురెప్పలు కదిలాయి. నాలుగో చరణానికి చెవులు ఎర్రబడ్డాయి. నిశ్శబ్దం నా నినాదం అన్న చోటికి వచ్చేసరికి ఆయన లేచి కూర్చుని, "ఎవరయ్యా ఈయన? ఆపమనండి!" అని అరిచారు. షామియానా దద్దరిల్లిపోయేలా చప్పట్లు కొట్టారు. ఆయన లేచినందుకో, నేను ఆపినందుకో నేను విచారించలేదు. శాలువా కప్పారు. ప్రథమ చికిత్సా సేవలకు గాను అని చదివారు.

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. అవతల బస్సు గేటులోంచి లోపలికి తిరుగుతోంది. అలవాటు కొద్దీ నోరు దానంతటదే తెరుచుకుంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. తణుకు మీదుగా రాజమండ్రి వెళ్లు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చుచున్నది." ఎందుకో ఒక్కొక్క మాటా నెమ్మదిగా చెప్పాను.

ఇంటికి వెళ్లేసరికి రత్నమాల ఆకు వేసి ఉంచింది. శాలువా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కొత్త ఆవకాయ జాడీకి సరిపోతుందంది.

"ఏదో కాలం, కాలం అని వినపడింది. పులిహోర పోపు వేస్తున్నాను, పట్టించుకోలేదు," అంది. "చివర్న రాజమండ్రి బస్సు మాత్రం విన్నాను. అంత నెమ్మదిగా చెప్పారేంటండీ? ఆకలిగా లేదా?"

"ఆకలిగానే ఉంది."

"మరి?"

నాలుక చివర దాకా వచ్చింది. జేబులో కాగితం గుండెకి తగులుతోంది. చదివి వినిపిస్తే ఎలా ఉంటుందనిపించింది. మార్తమ్మ గారు పక్కన లేకపోయినా నాకు తెలుస్తూనే ఉంది, అది పెరుగుతోంది.

"ఏవన్నా రాశారా?" అంది ఆవిడ, అనుమానంగా.

"లేదు," అన్నాను.

పెళ్లయిన తర్వాత ఆవిడకి ఆ జవాబు చెప్పడం అదే మొదటిసారి.  రత్నమాల ఇంకేమీ అడగకుండా ఆకులో బొబ్బట్టు వేసి, దాని మీద నెయ్యి వేసింది.

రాజమండ్రి బస్సు అంత నెమ్మదిగా వినపడేసరికి నాకు ఆకలి లేదనుకుందట. అయినా బొబ్బట్టు వేడిగానే ఉంది.